దిగుడుకు సరిపోయే జోడు

సూరత్‌లో తపతి ఒడ్డునున్న అడాజన్‌లో ఇద్దరు వియ్యంకులు ఉండేవారు. ఇద్దరి తండ్రులూ మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చినవాళ్లే. ఇద్దరూ దత్త భక్తులు. పిఠాపురం, కురువపురం ఎన్నడో చూసొచ్చారు గానీ, తామున్న గుజరాత్‌లోనే ఉన్న గిర్నార్ మాత్రం ఎక్కలేదు. ఒక చలికాలం ఆ ముచ్చటా తీర్చుకోవాలనుకున్నారు. జునాగఢ్ పక్కనున్న ఆ కొండకు దాదాపు 10,000 రాతిమెట్లు.

పెళ్లికొడుకు తండ్రి ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే కొట్టుకెళ్లి, చీలమండ దాకా వచ్చే ఖరీదైన కొండ బూట్లు కొన్నాడు. అచ్చు పోసినట్టు సరిపోయాయి. నున్నటి నేలమీద నాలుగడుగులు వేసి డబ్బు కట్టేశాడు.

పెళ్లికూతురి తండ్రి నెల ముందే వెళ్లాడు. అదీ చీరల మార్కెట్లో రోజంతా నిలబడి, పాదాలు కాస్త ఉబ్బిన సాయంత్రం వేళ. కొండమీద తొడుక్కోబోయే మందపాటి మేజోళ్లు కూడా వెంట తీసుకెళ్లాడు. రాతిమీద జారని రబ్బరు అడుగున్న మామూలు జోడు, అరసైజు పెద్దది అడిగాడు. అంతటితో ఊరుకోక కొట్టు ముందున్న వాలుమీద పదేపదే దిగి చూశాడు. వేళ్లు ముందుకు తగిలిన రెండు జోళ్లు తిరిగిచ్చేశాడు. కొట్టు కుర్రాళ్లు నవ్వుకున్నారు. మూడో జోడు కొని, నెల్లాళ్లు తపతి గట్టున రోజూ వాటితోనే నడిచాడు.

భవనాథ్ తలేటిలో చీకటితోనే మెట్లెక్కడం మొదలుపెట్టారు. సగం దారిలో ఉండే అంబాజీ గుడికి మగపెళ్లివారే ముందు చేరారు. వెనకబడ్డ వియ్యంకుడి కోసం కూర్చుని ఎదురుచూశారు కూడా. దత్త శిఖరం మీద ఇద్దరూ జోళ్లు విప్పి పాదుకలకు మొక్కారు. అక్కడ ఏ జోడైనా ఒకటే.

దిగడంతో కథ మారింది. మెట్టు మెట్టుకూ పాదం ముందుకు జారి, కొత్త బూటు మొనకు వేళ్లు కొట్టుకున్నాయి. లేసులు బిగిస్తే పైన ఒరిసింది, వదులు చేస్తే ఇంకా జారింది. బొటనవేలి గోరు నల్లబడింది. చివరికి పెళ్లికొడుకు తండ్రి బూట్లు మెడలో వేలాడదీసుకుని, గరుకు రాళ్లమీద ఉత్త కాళ్లతో అంబాజీ దాకా వచ్చాడు. అడుగడుగునా వియ్యంకుడు చెయ్యందిస్తూనే ఉన్నాడు. 2020లో అక్కడికి రోప్‌వే వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆయన్ని అందులో ఎక్కించి, రెండో ఆయన మిగిలిన మెట్లన్నీ నడిచి దిగాడు. కిందికి ముందు చేరింది ఈసారీ మగపెళ్లివారే.

నీతి: మొదటాయన బూట్లలో లోపమేమీ లేదు, ఎక్కడం ఒక్కటే తలచుకుని కొన్నాడు. కొట్టులో నేల చదునుగా ఉంటుంది, పొద్దున పూట కాలు తాజాగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏ జోడైనా సరిపోయినట్టే ఉంటుంది. ఏ పనికైనా సాధనం ఎంచుకునేటప్పుడు, బయల్దేరే ఉత్సాహంతో పాటు అలసి తిరిగొచ్చే వేళను కూడా లెక్కలోకి తీసుకోవాలి.