మందు కొట్టే చేతికి రక్షణ ఎవరి బాధ్యత?

శ్రామికుడు తన చెమటను అమ్ముకుంటాడు. అది అతని హక్కు. మరి అతని ఆరోగ్యాన్ని కూడా అదే కూలికి కొనుక్కునే హక్కు ఎవరికైనా ఉందా? గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో వీపున పంపు తగిలించుకుని పురుగుల మందు కొట్టే కూలీని చూసినప్పుడు ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. ముఖానికి ఒక తువ్వాలు, ఒంటి మీద మందుకు తడిసిన చొక్కా, కాళ్ళకు చెప్పులు కూడా ఉండవు. సాయంత్రానికి కూలి డబ్బులు చేతికి వస్తాయి. వాటి వెంటే తలనొప్పి, కళ్ళ మంట, వాంతులు కూడా వస్తాయి. డబ్బులకు లెక్క ఉంది. రెండోదానికి లెక్క చెప్పేదెవరు?

పాత గాయం

ఈ నేలకు ఇది కొత్త సమస్య కాదు. 1980 దశకంలో ఇక్కడి నల్లరేగడి భూములలో పత్తి సాగు బాగా పెరిగింది. తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. మందు కొట్టిన కొద్దీ పురుగు దానికి తట్టుకునే శక్తి పెంచుకుంది. 1987-88లో పంట పోయి, అప్పులు మిగిలి, ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిరపకు నల్లతామర సోకినప్పుడు రైతు మళ్ళీ మందుల షాపు ముందే నిలబడవలసి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రైతు నష్టం కనీసం అప్పు పత్రంలోనైనా నమోదవుతుంది. కూలీ ఒంట్లోకి దిగిన విషం ఏ పత్రంలోనూ నమోదు కాదు. వాంతి అయితే "ఎండ దెబ్బ" అంటారు. కళ్ళు తిరిగితే "నీరసం" అంటారు.

ఆ లెక్క తీయడానికి ఒక ప్రయత్నం జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, యూరోపియన్ యూనియన్ కలసి ఆసియా పత్తి రైతుల కోసం ఒక కార్యక్రమం నడిపాయి. అందులో భాగంగా 2003 పంట కాలంలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాలలో మందు కొట్టిన ప్రతిసారీ ఒంట్లో ఏం జరిగిందో రైతు మహిళలే రాసి పెట్టారు. నమోదైన 323 సందర్భాలలో 83.6 శాతం సందర్భాలలో స్వల్పం నుండి తీవ్రం వరకు విష లక్షణాలు కనిపించాయి. మందు కొట్టేది మగవారే అయినా, చిక్కటి మందును నీళ్ళలో కలిపి పంపులు నింపేది ఎక్కువగా ఆడవారే. ఆ విధంగా "మందు కొట్టని" వారు కూడా విషానికి గురవుతున్నారని తేలింది. పేదరికం ఎక్కువగా ఉన్నచోట విషప్రభావమూ తీవ్రంగా ఉంది.

మూడు సాకులు

ఈ మాట ఎత్తగానే మూడు సమాధానాలు వినిపిస్తాయి.

మొదటిది: "ఎవరూ బలవంతం చేయలేదు, ఇష్టపడే వచ్చాడు." వాస్తవానికి సమ్మతి అనిపించుకోవాలంటే రెండు షరతులు ఉండాలి. తాను దేనికి ఒప్పుకుంటున్నాడో మనిషికి తెలిసి ఉండాలి. కాదనే అవకాశమూ ఉండాలి. ట్యాంకులో ఏ మందు ఉందో తెలియని వాడు, ఆ రోజు కూలి లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగని వాడు తల ఊపితే అది సమ్మతి కాదు, నిస్సహాయత.

రెండవది: "డబ్బా మీద అంతా రాసి ఉంది." అవును, రాసి ఉంది. విష తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు ఉన్నాయి. కానీ కూలీ చేతికి వచ్చేది నింపిన పంపు. డబ్బా అతని కంటబడేది ఎప్పుడో ఒకసారి. కంటబడినా ఆ చిన్న అక్షరాలు చదవగలిగేది ఎందరు?

మూడవది: "ఆసామీ కూడా కొడుతున్నాడు కదా!" ఇది నిజమే. కౌలు రైతు చాలాచోట్ల తానే పంపు ఎత్తుకుంటాడు. అయితే ఇద్దరు బాధితులు ఉన్నంత మాత్రాన బాధ్యత మాయమైపోదు. అది ఆ ఇద్దరినీ దాటి పైకి వెళుతుంది. విషాన్ని తయారుచేసిన వారి దగ్గరకు, దానికి అనుమతి ఇచ్చిన వారి దగ్గరకు, అమ్మి లాభం తీసుకున్న వారి దగ్గరకు వెళుతుంది.

సరిహద్దులు దాటవలసిన సహకారం

విషం ఒక దేశంలో తయారై మరో దేశంలో చల్లబడుతున్నప్పుడు న్యాయం కూడా సరిహద్దులు దాటాలి. ప్రపంచ దేశాలు ఈ దిశగా కొన్ని అడుగులు వేశాయి.

1998లో కుదిరి 2004లో అమలులోకి వచ్చిన రోటర్‌డ్యామ్ ఒడంబడికలో భారత్ 2005లో చేరింది. దాని సారాంశం ఒక్కటే: ప్రమాదకరమైన రసాయనాన్ని మరో దేశానికి పంపే ముందు దాని హాని ఆ దేశానికి తెలియాలి, ఆ తర్వాతే ఆ దేశం అంగీకారం చెప్పాలి. ఒక ప్రభుత్వానికి నిపుణులు, ప్రయోగశాలలు, అధికారులు ఉన్నా తెలియకుండా ఇచ్చిన సమ్మతి చెల్లదని ప్రపంచం ఒప్పుకుంది. మరి ఇవేవీ లేని కూలీ విషయంలో మాత్రం అతని మౌనాన్నే సమ్మతిగా ఎలా తీసుకుంటున్నాం?

1985లో ఆహార, వ్యవసాయ సంస్థ తెచ్చిన పురుగుమందుల నియమావళి మరో మంచి మాట చెబుతోంది. వేసుకోలేని, కొనలేని రక్షణ దుస్తులు అవసరమయ్యే మందులను వేడి దేశాలలోని చిన్న రైతులు, కూలీల చేతికి వెళ్ళకుండా చూడాలని దాని భావం. మండే ఎండలో రబ్బరు దుస్తులు తొడుక్కుని ఎవరు పని చేయగలరు? కనుక తప్పు దుస్తులు వేసుకోని కూలీది కాదు, అవి లేకుండా వాడరాని మందును అతని చేతిలో పెట్టిన ఏర్పాటుదే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో చేసిన వ్యవసాయ భద్రతా ఒడంబడిక మరో హక్కును గుర్తించింది. ప్రాణాపాయం ఉందని న్యాయంగా అనుమానం వస్తే వ్యవసాయ కార్మికుడు పని నుండి తప్పుకోవచ్చు, అందుకు అతనిని శిక్షించరాదు.

ఇవి కాగితానికే పరిమితం కానక్కర లేదు. కాసర్‌గోడ్ ప్రజలు అనుభవించిన బాధ చివరికి ప్రపంచం చెవిన పడింది. 2011 ఏప్రిల్‌లో ఎండోసల్ఫాన్ స్టాక్‌హోమ్ ఒడంబడిక నిషేధ జాబితాకు ఎక్కింది. మే 13న మన సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తి చేలలో మందు కొడుతూ 20 మందికి పైగా మరణించారు. బాధితుల గోడు స్విట్జర్లాండ్ దాకా వెళ్ళింది. తన గడ్డ మీద వాడనివ్వని ఐదు మందులను బయటి దేశాలకు పంపడాన్ని ఆ దేశం 2021 జనవరి నుండి ఆపివేసింది. తన పౌరునికి విషమైనది పరాయి దేశపు కూలీకి కూడా విషమే. ఇంత చిన్న సత్యాన్ని ఒప్పుకోవడానికి ఎన్ని ప్రాణాలు పోవలసి వచ్చిందో ఆలోచించండి!

రెండు తూనికలు

మన గుంటూరు మిరపనే చూడండి. 2003లో యూరప్‌లో కారంపొడిలో సూడాన్ రంగు బయటపడగానే ఎగుమతి సరుకుకు పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. కాయలో మిగిలిన మందు అవశేషం ఎంతో కూడా నేడు సూక్ష్మంగా కొలుస్తున్నారు. తినేవారి ఆరోగ్యం కోసం ఇది మంచిదే. కానీ అదే కాయను పండించిన వారి రక్తంలో ఎంత మందు ఉందో కొలిచేదెవరు? కొనేవాడికి ఒక తూనిక, పండించేవాడికి మరో తూనిక! తూనికలలో మోసం బియ్యం, పప్పుల దగ్గరే జరగదు.

మన వంతు

కూలీ చెమట ఆరకముందే కూలి ఇచ్చివేయాలన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలుసు. శక్తికి మించిన భారం మోపవద్దని, మోపితే తోడు నిలవాలని కూడా ఆయన బోధించారు. కూలి సకాలంలో ఇచ్చి, విషభారాన్ని మాత్రం అతనికే వదిలేస్తే బాధ్యత సగమే తీరుతుంది.

ఒడంబడికలు మన చేతిలో లేవనుకున్నా చేను మన చేతిలో ఉంది. ఏ మందు కొడుతున్నారో కూలీకి ముందే నోటితో చెప్పాలి. ఎర్ర గుర్తు మందును మన చేలోకి రానివ్వకూడదు. ఎదురుగాలిలో, మిట్టమధ్యాహ్నం కొట్టించరాదు. గట్టు మీద సబ్బు, నీళ్ళు ఉంచాలి. గర్భిణుల చేత, బాలింతల చేత, పిల్లల చేత మందు కలిపించరాదు. ఖాళీ డబ్బాలు ఇళ్ళకు చేరనివ్వకూడదు. "ఈ రోజు నావల్ల కాదు" అన్న కూలీకి మర్నాడు పని నిరాకరించకూడదు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు వంటి పద్ధతులతో మందు అవసరాన్నే తగ్గించుకున్న రైతులు మన రాష్ట్రంలోనే ఉన్నారు. వారి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కర లేదు.

కూలీ శరీరం మన చేతికి ఉదయం అప్పగించబడిన అమానతు. సాయంత్రం దానిని తీసుకున్నట్లే ఇంటికి పంపడం మన విధి. ఆ విధిని నెరవేర్చిన వారికే రేపు ప్రపంచ దేశాలను న్యాయం అడిగే నైతిక హక్కు ఉంటుంది.