కాలమెరిగి కొండెక్కిన కుర్రాడు

మన భద్రాచలం అడవి అంచున ఉన్న చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కాడు. ఇద్దరూ అప్పట్లో సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. మే నెలే ఎందుకు? శిఖరం మీద పెనుగాలులు నెమ్మదించి, రుతుపవనాలు ఇంకా చేరని ఆ కొద్ది రోజులే కొండ దారి ఇస్తుంది. ఎక్కబోయే ముందు షెర్పాలు కొండకు పూజ చేస్తారు. కొత్త పంట దేవతకు పెట్టనిదే నోట పెట్టని మన కోయ పల్లెలు ఎరిగిన మర్యాదే అది.

విదేశాల్లో సాహసయాత్ర తలపెట్టిన పిల్లలారా, టికెట్టు కొనే ముందు అక్కడి వానలు, పండుగలు తెలుసుకోండి. మన దసరా రోజుల్లోనే నేపాల్‌లో దశైం పండుగ. బరువులు మోసే కూలీలు ఇళ్లకు వెళ్లిపోతారు, బస్సులు కిక్కిరిసిపోతాయి.

విదేశాల నుంచి వచ్చే మన బంధువులకూ ఒక మాట చెప్పండి. భద్రాచలంలో గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. అందుకే గోదావరి మీద పాపికొండల లాంచీ ఎక్కాలంటే వరదల వానాకాలంలో కాదు, చలికాలంలో రమ్మనండి.