పరుగెత్తి పాలు, నిలబడి నీళ్ళు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు సామెత చెప్పారు. అత్యాశకు పోవద్దని, ఉన్నదానితో తృప్తిపడమని దాని భావం. తరగతి గదిలో ఎందరో పిల్లలకు నేనే ఈ మాట చెప్పి ఉంటాను. ఒకరోజు అది నాకే తిరిగి తగిలింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాసే నా పాత విద్యార్థి, "మేస్టారూ, స్టేడియంలో పరిగెడతన్నారట! ఈ వయసులో మీకు పాలు కావాలేటి?" అన్నాడు. కొట్టులో ఉన్నవారంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇంటికి చేరేదాకా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఈ వారం ఆ ప్రశ్ననే పాఠకుల ముందు పెడుతున్నాను. నలభై దాటిన మనిషి, ఇల్లూ పిల్లలూ ముసలితల్లీ ఉన్న మనిషి, జన్మలో ఆటలంటూ ఎరుగని మనిషి, ఓడిపోతానని తెలిసి తెలిసి పరుగుపందెంలో దిగడం సబబేనా? నడక అయితే ఎవరూ ఏమీ అడగరు. షుగరుకు మంచిది, బి.పి.కి మంచిది అని డాక్టర్లే చెబుతారు. పందెం దగ్గర ఆ సాకు చెల్లదు. వంద మీటర్లు ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తేది ఆరోగ్యం కోసమేనంటే అది అబద్ధమే. నడకలో దొరకనిది మరేదో కావాలనే మనిషి పందెం గీత దగ్గరకు వెళతాడు. ఆ మరేదో ఏమిటి? దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? ఈ రెండో ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మొదలైంది సరదాగానే. 2023 డిసెంబరులో మా బడి క్రీడల రోజున ఉపాధ్యాయులకు కూడా యాభై మీటర్ల పందెం పెట్టారు. అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. ఐదుగురిలో నాలుగోవాడిగా వచ్చాను. సున్నం గీత దాటి, మోకాళ్ళు పట్టుకుని వంగి, ఆయాసంతో నవ్వుతున్నాను. ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలియదు. డ్రిల్లు మాస్టారు వచ్చి వీపు తట్టి, "మీలాంటోళ్ళకి కూడా పోటీలున్నాయి మేస్టారూ" అన్నారు.

ఆయన చెప్పేదాకా నాకూ తెలియదు. ముప్ఫై ఐదేళ్ళు నిండినవారికి మాస్టర్స్ అథ్లెటిక్స్ అని వేరే ఉంది. ఐదేసి ఏళ్ళకు ఒక వర్గం చొప్పున విడదీస్తారు. నలభై ఏడేళ్ళవాడు తన ఈడువారితోనే పరుగెత్తుతాడు, కుర్రాళ్ళతో కాదు. 1975లో కెనడాలోని టొరంటోలో దీనికి తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. ఇందులో నాకు నచ్చిన నియమం ఒకటుంది. పెద్ద పోటీల్లో వంగి, కాళ్ళు దిమ్మలకు ఆనించి బయలుదేరడం తప్పనిసరి. మాస్టర్స్‌లో ఆ నిర్బంధం లేదు, ఇష్టమైతే నిలబడే బయలుదేరవచ్చు. నిలబడి మొదలుపెట్టి కూడా పాలు తాగవచ్చునన్నమాట!

పరుగు నేర్చుకోవడమంటే రోజూ మైళ్ళకు మైళ్ళు పరుగెత్తడమని అనుకున్నాను. కాదట. ముందు గుండె పరీక్ష చేయించుకోమన్నారు. తర్వాత వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. ఇరవై నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకుని, మెత్తటి నేలమీద ముప్ఫై మీటర్లు పరుగెత్తి, నడుచుకుంటూ వెనక్కి వచ్చి, ఊపిరి పూర్తిగా కుదుటపడ్డాకనే మళ్ళీ. మొదటి నెలంతా పూర్తి వేగం పనికిరాదు. పెద్దవయసులో కండకు బలం కొన్ని వారాల్లో వస్తుంది గాని, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు గట్టిపడడానికి నెలలు పడుతుంది. మనసు మాత్రం ఇంకా ఇరవై ఏళ్ళ దగ్గరే ఆగి ఉంటుంది. దెబ్బ తగిలేది అక్కడే. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు మేస్టారూ, జాగర్త" అని ఆయన నన్ను మొదటిరోజే హెచ్చరించారు.

ఆలస్యంగా మొదలుపెట్టినవారు నేనొక్కణ్ణే కాదు. మిల్ఖా సింగ్ పరుగుపందేలంటే ఏమిటో తెలుసుకున్నది సైన్యంలో చేరాకనే. దేశ విభజనలో తల్లిదండ్రులను పోగొట్టుకుని వచ్చిన ఆ యువకుడు, పరుగులో ముందు వచ్చినవారికి అదనంగా ఒక గ్లాసు పాలు దొరుకుతాయని పరుగెత్తాడని చెబుతారు. ఆయన 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో నిలిచాడు. మన సామెతను ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు, చెప్పినా వినే స్థితిలో ఆ ఆకలి ఉండదు.

ఇక పంజాబుకు చెందిన మన్ కౌర్ సంగతి మరీ వింత. 1916లో పుట్టిన ఆమె పరుగు మొదలుపెట్టింది 2009లో, తొంభై మూడేళ్ళ వయసులో, కొడుకు ప్రోత్సాహంతో. 2017లో న్యూజిలాండులోని ఆక్లాండులో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో, నూట ఒకటో ఏట, 100 మీటర్లను 74 సెకన్లలో ముగించి బంగారు పతకం అందుకుంది. నూరేళ్ళు దాటినవారి వర్గంలో ఆ రోజు పరుగెత్తింది ఆమె ఒక్కతే. మరి ఎవరిమీద గెలిచినట్టు? నవ్వులాటకు అడగడం లేదు. పోటీ అంటే ఎదుటివాణ్ణి ఓడించడమే అయితే ఆమె గెలవలేదు. అయినా చూసినవారెవరూ ఆ పతకాన్ని తప్పుపట్టలేదు.

మనవాళ్ళకు పోటీ అనే మాట వినగానే గుర్తొచ్చేది కార్పొరేటు కాలేజీల ర్యాంకులు. ఆ పోటీలో ఒక పిల్లవాడు ఎక్కిన మెట్టు మరొకడికి లేకుండా పోతుంది. ఉన్న సీట్లు కొన్నే కాబట్టి ఓడినవాడి బ్రతుకుతెరువు తగ్గుతుంది. అందుకే అది పిల్లల్ని నలిపేస్తుంది. పరుగుపందెంలో ఎవరి గీతల మధ్య వారు పరుగెత్తుతారు. ఒక్కొక్కరికి 1.22 మీటర్ల వెడల్పు దారి. పక్కవాణ్ణి తోసేందుకు చోటే లేదు. పైగా పక్కవాడు ఉన్నందువల్లే మన కాలు త్వరగా కదులుతుంది. ఒంటరిగా ఎన్నిసార్లు గడియారం చూసుకుని పరుగెత్తినా నాకు రాని వేగం, పక్కన ఒక మనిషి అడుగుల చప్పుడు వినగానే వచ్చింది. అతను నా శత్రువా, తోడా? తోడనే నేనంటాను.

పునీత పౌలు కొరింతులోని విశ్వాసులకు రాస్తూ పరుగుపందెం పోలిక ఎందుకు తెచ్చాడో ఇప్పుడు నాకు కొంచెం అర్థమవుతోంది. ఆ ఊరి పక్కనే రెండేళ్ళకొకసారి ఇస్త్‌మియన్ క్రీడలు జరిగేవి. గెలిచినవాడికి దక్కేది కొన్నాళ్ళకు వాడిపోయే ఆకుల కిరీటం. ఆటలు చూసిన జనానికి ఆటలతోనే చెప్పాడు. మన రోజుల్లో 2019లో వాటికనే ఒక అథ్లెటిక్స్ జట్టును ఏర్పరచుకుంది. అందులో స్విస్ గార్డులతోబాటు గురువులూ కన్యస్త్రీలూ కూడా సభ్యులు. కాబట్టి మన గుడి మెట్ల దగ్గర ఎవరైనా "ఇదేం పిచ్చి?" అంటే నేను బెదరడం మానేశాను.

అయితే అసలు చిక్కు గుడి మెట్ల దగ్గర లేదు, మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మ 2021 నుంచి పక్షవాతంతో మంచంలో ఉంది. రోజూ వేకువన ఐదింటికి ఆమెను పక్కకు తిప్పి, ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. నేనూ నా భార్యా కలిసి చేసేవాళ్ళం. నేను స్టేడియానికి బయలుదేరడం మొదలుపెట్టింది కూడా ఐదింటికే. మూడు రోజులే వెళ్ళమన్నారు గదా, మూడు నెలలు బుద్ధిగా అలాగే వెళ్ళాను. తర్వాత విశాఖలో పోటీ ఉందని తెలిసి, డ్రిల్లు మాస్టారికి చెప్పకుండా రోజూ వెళ్ళాను. పోటీ ఇంకా పది రోజులుండగా తొడ వెనక కండ పట్టేసింది. ఎవరో వెనకనుంచి కర్రతో కొట్టినట్టనిపించి తిరిగి చూశాను, ఎవరూ లేరు.

ఆరు వారాలు పరుగు మానాల్సి వచ్చింది. మర్నాడు అలవాటు చొప్పున ఐదింటికి మెలకువ వచ్చింది. పక్కగదిలో దీపం వెలుగుతోంది. నా భార్య ఒక్కతే అమ్మ నడుం కింద దుప్పటి దూర్చి, ఆ దుప్పటి కొసలు రెండు చేతులా పట్టుకుని, ఒక మోకాలు మంచంకోడుకు ఆనించి లాగుతోంది. ఆ ఉపాయం చేతికి ఒక్కరోజులో అబ్బేది కాదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నానని ఆమె చూడలేదు.

ఆమె ఒక్కసారైనా విసుక్కుని ఉంటే నాకు సులువుగా ఉండేది. "మీరు వెళ్ళండి. పరిగెట్టి వొచ్చినరోజు మీ ముఖం వేరేగా ఉంటాది" అంది. ఎవరైనా దీన్ని అనుమతి అంటారు. నేనూ మొదట అలాగే అనుకుని ఊరటపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఇచ్చే అనుమతుల్లో ఎన్ని మనం అడిగితే ఇచ్చినవి? అడగకముందే ఇచ్చేస్తారు, ఇవ్వకపోయినా జరిగేది జరుగుతుందని వాళ్ళకు తెలుసు. అలాంటి అనుమతిని పట్టుకుని నా మనస్సాక్షికి రసీదు రాసుకోవడం నాకు చేతకాలేదు. నేను వినయం నేర్చుకుంటున్నానని, కుర్రాళ్ళ మధ్య చిట్టచివర వస్తూ గర్వం వదులుకుంటున్నానని నాకు నేనే చెప్పుకున్న రోజులవి. ఆ వినయం నడుస్తున్నది ఆమె నడుం మీద.

అలాగని మానేయడమూ సరైన జవాబు అనిపించలేదు. త్యాగం చేశానని ఏడాదిపాటు మూతి ముడుచుకుని తిరిగే భర్త ఇంటికి మరో బరువే. పైగా మా అబ్బాయి నన్ను చూస్తున్నాడు. పెద్దవాళ్ళు కొత్తదేదీ నేర్చుకోరని, మంచి అంటే కోరికలు చంపుకోవడమేనని వాడు అనుకోవడం నాకు ఇష్టం లేదు. పరుగును సాయంత్రానికి మార్చాను, బడి వదిలాక, వారానికి మూడు రోజులు. వేకువ ఐదు అమ్మది. ఎండాకాలంలో సాయంత్రం నేల ఇంకా సెగలు కక్కుతూ ఉంటుంది, వేగం తగ్గుతుంది. తగ్గనీ.

తర్వాతి ఏడాది విశాఖలో పరుగెత్తాను. మా వర్గంలో ఆరుగురం. ఐదోవాడిగా వచ్చాను, 15.9 సెకన్లు. ఆరో అతను నాకంటే ఆలస్యంగా మొదలుపెట్టినవాడు; ఇద్దరం గీత దాటాక ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఆయాసపడ్డాం. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. కొన్ని వర్గాల్లో ముగ్గురే ఉంటారు, అప్పుడు మూడోవాడికీ కంచు పతకమే. ఆ పతకం మెడలో వేసుకుని తీయించుకున్న ఫొటో పేపర్లో వస్తుంది, ఎంతమంది పరుగెత్తారో మాత్రం రాయరు. నేను కూడా ఆ మూడోవాణ్ణే అయితే రాయమని చెప్పి ఉండేవాణ్ణా అంటే, అనుమానమే.

పోటీ నుంచి వచ్చిన వారం నా భార్యను అడిగాను, నీకు కావలసిందేమిటని. మొదట "నాకేటి కావాలి" అంది. రెండురోజుల తర్వాత తనే చెప్పింది. పెళ్ళికి ముందు వాళ్ళ ఊరి గుడిలో గానబృందంలో పాడేది. మన విచారణలోనూ శనివారం సాయంత్రం పాటల సాధన జరుగుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ పాటలు మా ఇంటిదాకా వినిపిస్తూనే ఉన్నాయి, ఆమె వంటింట్లో నిలబడి వింటూనే ఉంది.

ఇప్పుడు శనివారం సాయంత్రం నేను ఎక్కడికీ వెళ్ళను. మొదటి శనివారం అమ్మకు గంజి పడుతూంటే, ఆమె కాసేపు గుమ్మం వైపు చూసి, "కోడలేది నాయనా?" అంది.

"పాటకెళ్ళిందమ్మా."

అమ్మ ఒక్క గుటక మింగి, మాట కూడదీసుకుని, "మరి నువ్వు పరిగెట్టలేదేటి ఈవేళ?" అని అడిగింది.