దిగడం చూసి కొను

నాన్నా,

కొండవాలు జీడితోటకి మినీ ట్రాక్టరు తీసుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. షోరూములు తిరిగి ఏ బండికి ఎన్ని హెచ్‌పీ, ఎవరు ఎంత తగ్గిస్తున్నారు అని కాగితం మీద రాసుకుంటున్నావట. రాసుకో, తప్పులేదు. అయితే నర్సీపట్నం అవతల మన కొండకింద భూములకి ఆ కాగితంలో లేని లెక్క ఒకటుంది. పల్లంలో వరి పండించేవాడు ట్రాక్టరు ఎంత లాగుతుందో చూసి కొంటాడు. నువ్వు అది ఎలా దిగుతుందో చూసి కొనాలి. ఎక్కలేని బండి మహా అయితే చక్రం తిరిగి దుమ్ము లేపి ఆగిపోతుంది. దిగేటప్పుడు జారిన బండి నీ మాట వినదు.

షోరూముకి మళ్లీ వెళ్లేముందు తోట వాలు కొలిచిపెట్టుకో. మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ల గొట్టం, పది మీటర్ల తాడు, ఒక గడకర్ర, ఇద్దరు మనుషులు చాలు. పైనున్నవాడు తాడు కొసని నేలకి ఆనించి పట్టుకుంటాడు. కిందివాడు కర్రని నిటారుగా నిలబెట్టి, గొట్టంలో నీటిమట్టం రెండువైపులా తాడు కొసలకి సమంగా వచ్చేదాకా తాడుని కర్ర వెంబడి పైకి జరుపుతాడు. అప్పుడు కర్ర మీద నేల నుంచి తాడు దాకా కొలువు. మీటరు వస్తే పది శాతం వాలు, రెండు మీటర్లు వస్తే ఇరవై. తోటంతటికీ సగటు తీసి ఊరుకోకు. ట్రాలీ వచ్చే బాట, ఆ బాట మలుపు తిరిగే చోటు, తోటలో అన్నిటికన్నా నిటారుగా ఉన్న ముక్క, ఈ మూడూ విడివిడిగా కొలిచి రాసుకో.

నా లెక్క ఇది. పది శాతం లోపు వాలులో ఏ మినీ ట్రాక్టరయినా చెప్పినట్టు వింటుంది. పది నుంచి ఇరవై మధ్య ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలి. నిలువుగా ఎక్కి నిలువుగా దిగాలి, వాలుకి అడ్డంగా నడపకూడదు. ఇరవై దాటిన ముక్కలోకి బండిని దింపనే వద్దు. అక్కడికి బ్రష్ కట్టరు, కొడవలి, కూలి మనిషి. ఆ కాస్త ముక్క కోసం పెద్ద బండి కొంటే డబ్బు పోతుంది, ప్రమాదం మిగులుతుంది. ఇదంతా పొడినేల సంగతి. తొలకరి పడ్డాక ఎర్రమట్టి మీద తడిసిన జీడాకు పరుచుకుని ఉంటే పది శాతం వాలు కూడా ఇరవై లాగే ప్రవర్తిస్తుంది.

ఇప్పుడు బండి విషయానికొద్దాం. కొండకి బలం కావాలి కదా, 45 హెచ్‌పీదే తీసుకోమని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ బండి రెండు టన్నులకి దగ్గరగా తూగుతుంది. కొమ్మల కింద దూరదు, బాట మలుపులో ఒక్కసారికి తిరగదు. నీ పనికి 24 నుంచి 28 హెచ్‌పీ మధ్యది సరిపోతుంది. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 రెండూ 24 హెచ్‌పీ, రెండూ ఫోర్ వీల్ డ్రైవ్, రెండూ వెనక లిఫ్టు మీద 750 కిలోలు ఎత్తుతాయి. మొదటిది రెండు సిలిండర్లది, రెండోది మూడు సిలిండర్లది. జాన్ డీర్‌లో 3028 ఈఎన్ 28 హెచ్‌పీ. వీటిలో ఇదే కొను అని నేను చెప్పను. స్వరాజ్ కోడ్ చూసి ముచ్చటపడ్డావని విన్నాను. పదకొండు హెచ్‌పీ చిన్న యంత్రం అది. కూరగాయల మళ్లలో సాళ్ల మధ్య కలుపుకి బాగుంటుంది కానీ వాలు మీద ట్రాలీ లాగడానికి కాదు.

మినీ ట్రాక్టర్లు అమ్మేవాళ్లు ఎంత ఇరుకులోనైనా దూరుతుందని గొప్పగా చెబుతారు. పత్తి సాళ్లకీ ద్రాక్ష పందిళ్లకీ అది గొప్పే. వాలు మీద అదే లోపం. చక్రాల మధ్య వెడల్పు తగ్గేకొద్దీ బండి పక్కకి ఒరగడం తేలికవుతుంది. జీడి చెట్లని మనం ఏడెనిమిది మీటర్ల ఎడంతో వేస్తాం. ఆ మధ్యలోంచి పోవడానికి అంత సన్నబండి ఎందుకు? కాబట్టి వెనక చక్రాల ఎడం పెంచుకునే వీలుందా, రిమ్ము తిప్పి బిగిస్తే ఎంత వెడల్పు వస్తుంది అని డీలర్ని అడుగు. వీలుంటే అన్నిటికన్నా వెడల్పుగా పెట్టించాకే బండి ఇంటికి తీసుకురా.

ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఎక్కడానికే అనుకుంటారు చాలామంది. దాని అసలు ఉపకారం దిగేటప్పుడు తెలుస్తుంది. ఇలాంటి బండ్లకి బ్రేకులు మామూలుగా వెనక చక్రాలకే ఉంటాయి. దిగేటప్పుడు బరువంతా ముందుకి పోతుంది, వెనక చక్రాలు తేలికై నేల మీద పట్టు వదులుతాయి. ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు చక్రాలూ వెనకవాటితో ముడిపడి ఉంటాయి గనక, ఇంజను పట్టూ బ్రేకు పట్టూ నాలుగింటికీ అందుతాయి. అందుకే దిగడం మొదలుపెట్టకముందే ఫోర్ వీల్ వెయ్యి, లో గేరు వెయ్యి, ఎడమ కుడి బ్రేకు పెడళ్లని కలిపి కొక్కెం పెట్టు. దిగే దారిలో క్లచ్చి తొక్కకు, గేరు మార్చకు, న్యూట్రల్ మాట తలపెట్టకు. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లని చూసి నేర్చుకోవద్దు. మనిషి నడక కన్నా నెమ్మదిగా దిగే గేరు ఉందా లేదా అన్నది కొనేముందే తేల్చుకో. బ్రేకులు నూనెలో మునిగుండే రకమైతే మేలు, బురదకీ ఎక్కువసేపు తొక్కిన వేడికీ అవి తట్టుకుంటాయి.

డ్రైవరు సీటు వెనక నిలబెట్టే ఇనప కమాను సంగతి ఇక. కంపెనీవాళ్లు దాన్ని రోప్స్ అంటారు. బండి బోల్తాపడ్డా మనిషి నలిగిపోకుండా జాగా మిగిల్చేది అదే. స్వీడన్ దేశంలో 1959లోనే కొత్త ట్రాక్టర్లకి దాన్ని తప్పనిసరి చేశారు, తర్వాతి ఏళ్లలో అక్కడ బోల్తాల్లో పోయేవాళ్లు బాగా తగ్గిపోయారు. మన దగ్గర అది లేని బండ్లే ఎక్కువ తిరుగుతున్నాయి. అడిగితే డీలరు అదనపు ఖర్చంటాడు. పెట్టు. మ్యూజిక్ సిస్టమ్‌కీ స్టిక్కర్లకీ పెట్టే డబ్బు దీనికి పెట్టు. కొమ్మల కింద దూరడానికి మడిచే రకం దొరికితే అదే తీసుకో. చెట్ల కింద నుంచి బయటికి రాగానే మళ్లీ నిలబెట్టడం మాత్రం మరవకు. ఇంకోమాట, కమాను ఉన్న బండిలో సీటు బెల్టు కట్టుకుంటేనే దాని ప్రయోజనం. కట్టుకోకపోతే విసురుకి బయటపడి ఆ కమాను కిందే చిక్కుకుంటావు. మడిచి ఉన్నంతసేపు మాత్రం బెల్టు పెట్టుకోకు.

జీడి కొమ్మ నేలబారుగా పెరుగుతుందని నీకు చెప్పక్కర్లేదు. కొన్ని బండ్లకి సైలెన్సరు బానెట్టు మీద నిటారుగా నిలబడి ఉంటుంది. తోటలోకి వెళ్లిన ప్రతిసారీ కొమ్మ దానికే తగులుతుంది. కిందనుంచి పక్కకి పోయే సైలెన్సరున్న బండి మనకి నయం, కానీ అది ఎండుటాకుకి దగ్గరగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్లో గింజ ఏరే రోజుల్లో చెట్ల కింద జీడాకు మోకాలి దాకా పడి ఉంటుంది కదా. పని మధ్యలో బండి ఆపి, సైలెన్సరు చుట్టూ, రేడియేటరు జాలీ మీద పేరుకున్న ఆకు చేత్తో దులుపు. జాలీ సులువుగా ఊడివచ్చేలా ఉందో లేదో షోరూములోనే ఊడదీసి చూడు. స్పానరు లేకుండా రాకపోతే నువ్వు రోజూ దులపవు, నాకు తెలుసు.

పాత నీలగిరి నరికించిన ముక్కలో మోళ్లున్నాయి. వానలకి గడ్డి లేచాక అవి కనపడవు. ముందు చక్రాన్ని చీల్చేదీ, ఇంజను కింద సంపుకి తగిలేదీ అవే. ఎండాకాలంలోనే తోటంతా నడిచి ఒక్కో మోడు పక్కన కర్ర పాతి, కర్రకి సున్నం కొట్టించు. బండి కింద ఇనప రేకు బిగించుకోవచ్చేమో అడుగు.

బరువు సంగతి కావిడి లాంటిది, ఒకవైపు వేసినప్పుడల్లా రెండోవైపు చూసుకోవాలి. వెనక బరువైన పనిముట్టు తగిలించి నిటారుగా ఎక్కితే ముందు చక్రాలు లేస్తాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. దానికి ముందు బంపరు దగ్గర దిమ్మలు పెట్టించు. వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు పట్టిస్తే బరువు నేలకి దగ్గరగా చేరి బండి కుదురుగా నిలబడుతుంది. పనిముట్టుని ఎప్పుడూ నేలకి జానెడు ఎత్తులోనే ఉంచి నడుపు, పైకెత్తుకుని తిరగకు.

పనిముట్టు అంటే గుర్తొచ్చింది. బండితోపాటు రోటావేటరు అంటగడతారు, తీసుకోకు. జీడికి ఆహారం లాగే వేళ్లు పైపైనే ఉంటాయి, రోటావేటరు వాటిని కోసేస్తుంది. పైగా వాలు మీద నేలని పిండి చేసి వదిలితే మొదటి జల్లుకే పైమట్టి గెడ్డలో కలుస్తుంది. నీకు కావలసింది గడ్డి కోసి అక్కడే పరిచే స్లాషరు, గోతులు తీసే ఆగరు, చిన్న ట్రాలీ. ఈ మూడుంటే ఏడాది పనంతా గడుస్తుంది.

ట్రాలీ చిన్నదన్నాను. ఎంత చిన్నదో కూడా చెబుతాను. జీడిగింజ బస్తా 80 కిలోలు, పన్నెండు బస్తాలు వేస్తే టన్నుకి దగ్గర. నువ్వు కొనే బండి బరువూ దాదాపు అంతే, ఇంకా తక్కువ కూడా కావచ్చు. ట్రాలీకి మామూలుగా బ్రేకులుండవు. దిగేటప్పుడు బరువైన ట్రాలీ వెనకనుంచి తోసి బండిని అడ్డం తిప్పేస్తుంది. అందుకని ట్రాలీ, సరుకు కలిపి బండి బరువు దాటనివ్వకు. రెండు ట్రిప్పులు వేస్తే ఒక గంట పోతుంది, అంతే.

టేకు దుంగ లాగాల్సి వస్తే గొలుసుని డ్రాబారుకే కట్టు, ఇరుసుకన్నా కింద. లిఫ్టు పైలింకుకో సీటు వెనక కమానుకో కట్టావంటే, దుంగ ఎక్కడైనా మోడుకి తట్టుకున్న క్షణాన బండి ముందు లేచి వెనక్కి తిరగబడుతుంది. అదంతా అయిపోవడానికి ఒకటిన్నర సెకను చాలు. క్లచ్చి తొక్కుదామని నీకు తట్టేలోపే అయిపోతుంది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని డెమో అడుగు. రోడ్డు పక్క చదును నేలలో చూపిస్తానంటే ఒప్పుకోకు. మన తోటకే తెమ్మను. బాటలో నువ్వు వాలు కొలిచిన చోట ఖాళీ ట్రాలీ తగిలించి ఎక్కించమను, అక్కడే ఆపమను, బ్రేకు మీద రెండు నిమిషాలు నిలబెట్టమను. తర్వాత సగం బరువేసి, లో గేరులో దింపమను. దిగుతున్నప్పుడు నువ్వు పక్కన ఎడంగా నడుస్తూ వెనక చక్రాలే చూడు. అవి తిరుగుతూ దిగితే సరి, ఆగిపోయి జారుతూ దిగితే ఆ బండి మన నేలకి పనికిరాదు. కంపెనీ డ్రైవరు అనుభవస్థుడు, వాడు నడిపితే అంతా తేలిగ్గానే కనిపిస్తుంది. కాబట్టి ఆఖర్న బరువు దించి, చదునైన చోట నువ్వూ ఎక్కి నడుపు. నీ కాలుకి బ్రేకు ఎంత బలంగా తొక్కాలో, సీట్లో కూర్చుంటే ముందు చక్రం కనబడుతుందో లేదో నీకే తెలియాలి.

కాగితాల విషయంలో ఒక్క మాట. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఉంది, ట్రాక్టర్లని అక్కడ పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారు. డీలరు ఇచ్చే రంగుల కాగితం బదులు ఆ రిపోర్టు చూపించమని అడుగు. ఇంజను హెచ్‌పీ ఒకటుంటుంది, పీటీవో దగ్గర పనిముట్టుకి అందేది ఇంకొకటుంటుంది, రెండోదే నీకు లెక్క. బండి అసలు బరువు, బరువు కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఎంత జాగాలో తిరుగుతుంది అన్నవీ అందులో ఉంటాయి. బరువు కేంద్రం ఎత్తు తక్కువున్న బండి వైపు మొగ్గు. అలాంటి సంస్థే ఇంకొకటి మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది, రైతులకి నడపడం, బాగుచేసుకోవడం నేర్పుతారు. వీలు చూసుకుని వెళ్లిరా. ధర విషయానికొస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు తన జేబులోంచి ఇస్తున్నట్టు ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. మెకానిక్కు ఎంత దూరంలో ఉన్నాడు, వానాకాలంలో ఫోన్ చేస్తే కొండ దాకా వస్తాడా అన్నది ఆ తగ్గింపు కన్నా ఎక్కువ విలువైన సంగతి.

బండి వచ్చాక ఇంట్లోవాళ్లకీ కూలీలకీ ముందే చెప్పిపెట్టు, మడ్‌గార్డు మీద ఎవరూ కూర్చోకూడదని. పిల్లలు అసలే వద్దు. మొహమాటపడకు, కావాలంటే పెదనాన్న వద్దన్నాడని నా పేరు చెప్పు. సరేనా? ఈ ఆదివారం నీళ్ల గొట్టం పట్టుకుని ఆ మూడు చోట్లా కొలిచి నాకు ఫోన్ చెయ్యి. ఆ మూడు అంకెలు విన్నాకే అడ్వాన్సు కట్టు.

మీ పెదనాన్న