నిండు జీవితమునకు కన్నీరు తగునా?

ధ్యాన భాగము: ఆదికాండము 23వ అధ్యాయము



మన కోటగిరి ప్రాంతమున తొంబది ఏండ్ల అవ్వ కన్నుమూసినప్పుడు పరామర్శకు వచ్చినవారు వాడుకగా చెప్పు మాట యొకటి కలదు. "ఏడ్వకు బిడ్డా, నిండు బతుకు బతికింది. పండుటాకు రాలింది" అందురు. మనుమలను, మునిమనుమలను చూచిన తల్లి పోయినయెడల కొన్ని ఊళ్లలో డప్పులు కొట్టించి, దారి పొడుగున పూలు చల్లి సాగనంపుదురు. దేవుడిచ్చిన దీర్ఘాయువునకు సంతోషించుటలో దోషమేమియు లేదు. అయితే ఆ ఓదార్పు మాట వెనుక మరియొక తలంపు దాగియున్నట్లు మాకు తోచుచున్నది. ఎక్కువ కాలము బ్రదికినవారి కొరకు తక్కువ ఏడ్చిన చాలునని, ఆమెకును మనకును లెక్క తీరిపోయినదని ఆ తలంపు. ఇది వాక్యమునకు సరిపడునా అని ఈ నెల విచారింతము.

హవ్వ ఎన్నేండ్లు బ్రదికెనో, రిబ్కా ఏ వయస్సున పోయెనో, ప్రభువు తల్లియైన మరియ ఎప్పుడు నిద్రించెనో పరిశుద్ధ గ్రంథమున వ్రాయబడలేదు. మరణించునాటి వయస్సు వ్రాయబడిన స్త్రీ శారా ఒక్కతియే. ఆమె 127 ఏండ్లు బ్రదికెను. అంతకంటె నిండు జీవితమేమి యుండును? అబ్రాహాము ఆమెకంటె పదియేండ్లు పెద్ద. వారు హారాను విడిచి బయలుదేరిననాటికే భార్యాభర్తలు. ఆ ప్రయాణము మొదలు ఆమె మరణము వరకు లెక్కించినను 62 ఏండ్ల కాపురము. అట్టి వృద్ధుడు, దేవునితో మాటలాడిన విశ్వాసి, ఆమె పండుటాకని సరిపెట్టుకొనలేదు. ఆమె యొద్దకు వచ్చి దుఃఖించి కన్నీరు విడిచెను. విశ్వాసులకు తండ్రియైనవాడు ఏడ్చెను గనుక మనుమడు ఏడ్చుట అవిశ్వాసము కానేరదు.

దినములు నిండినవాడను మాట బైబిలులోను కలదు గదా అని కొందరందురు. నిజమే. అబ్రాహామును గూర్చియు, ఇస్సాకును గూర్చియు, యోబును గూర్చియు అట్లే వ్రాయబడినది. అది పోయినవారి తృప్తిని గూర్చిన మాట. మిగిలినవారు తమ దుఃఖమును తగ్గించి కొలుచుకొనుటకు ఇచ్చిన కొలపాత్ర కాదు.

శారా వయస్సు ఏండ్లతో సహా లెక్కగా వ్రాయబడియుండగా, మన అవ్వల వయస్సు ఎవరికి తెలియును? ఆధార్ కార్డు చూడుడి. ఎందరో ముసలివారి పుట్టినదినము జనవరి 1 అని యుండును. వారందరును ఒకే దినమున పుట్టినవారు కారు. వ్రాయువానికి వేరే తేదీ దొరకలేదు, అంతే. అవ్వను అడిగినయెడల ఆమె లెక్క వేరుగా నుండెడిది. "నిజాంసాగర్ కట్టినంక రెండేండ్లకు పుట్టిన" అనును. మంజీరపై ఆ ఆనకట్ట 1931లో పూర్తియైనది గనుక మనమే కూడుకొనవలెను. బోధనులో చక్కెర ఫ్యాక్టరీ లేచిననాడు, అనగా 1930ల చివర, ఆమె ఇంకను గౌను తొడుగుకొన్న పిల్ల. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు పెండ్లీడు పిల్ల. అంతకు ఏడాది ముందు, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, వెస్లియన్ మిషను వారి చేతిలో పెరిగిన మన సంఘములు అందులో చేరినవి. ఆ సంగతి ఆమెకు తెలియదేమో గాని, ఆదివారపు గంట మాత్రము మారలేదు.

ఆమె కూర్చున్న అరుగు కదలలేదు, రాజ్యములే కదలినవి. నిజాము రాజ్యమున పుట్టి, హైదరాబాదు రాష్ట్రమున కాపురమునకు వచ్చి, 1956 నుండి ఆంధ్ర ప్రదేశమున పిల్లలను పెంచి, 2014లో తెలంగాణలో ముసలిదాయెను. హాలీ సిక్కాలు పోయి రూపాయలు వచ్చినవి. మానికలు, తవ్వలు పోయి కిలోలు వచ్చినవి. పొలిమేర దాటిన మహారాష్ట్రమే గనుక సంతలో మరాఠీ, కచ్చేరీ బంట్రోతుతో ఉర్దూ, దేవునితో తెలుగు మాటలాడెను. చెరకు నరికెను. వానలు లేని దినములలో చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టెను. ఆ బీడీల కూలితో ఈ జిల్లాలో ఎన్ని ఇండ్లు నిలిచినవో, ఎందరు బాలురు బడికి పోయిరో! పొగాకు వాసన చర్చి చీరకుగూడ పట్టియుండెడిది. ఆమె పుట్టుకకు కొంచెము తరువాత లేచిన ఆ ఫ్యాక్టరీ పొగగొట్టము 2015 డిసెంబరులో చల్లబడుటయు ఆమె చూచెను. ఇంత కాలమును ఒక్క తలలో మోసిన మనిషి పోయినప్పుడు, ఎక్కువ బ్రదికెను గనుక తక్కువ పోయినదని యెట్లు చెప్పుదుము? ఎక్కువ బ్రదికెను గనుకనే ఎక్కువ పోయినది.

సంవత్సరముల సంఖ్యయే నిండుతనము కాదనుటకు మన జిల్లాలోనే సాక్ష్యమున్నది. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరచిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు అరువది నిండకమునుపే పోయిరి. అయినను ఆమె జీవితము సగమని ఎవరును అనరు.

ఇక రెండవ సంగతి. జ్ఞాపకార్థ కూడికలలో లేచి సాక్ష్యమిచ్చువారు తరచుగా, "మా అవ్వ ఎవ్వరినీ ఒక్క మాట అనలేదు, ఎవ్వరి మనసూ నొప్పించలేదు" అని చెప్పుదురు. ఎనిమిదిమంది పిల్లలను కని, బియ్యపు అర్ర తాళపుచెవి నడుమున దోపుకొని యేబది ఏండ్లు ఇల్లు నడిపిన స్త్రీ ఎవ్వరినీ ఒక్క మాట అనకుండెనా? ఆ సాక్ష్యము చెప్పుచుండగా వెనుక వరుసలో తలవంచుకొని కూర్చున్న పెద్దకోడలి ముఖము ఒకసారి చూడవలెను. ఆమెకు కొన్ని సంగతులు జ్ఞాపకమున్నవి. ఆమెను ఎవరును మాటలాడుమని పిలువరు.

శారాను గూర్చి లేఖనము ఇట్లు చేయలేదు. దేవుని వాగ్దానము విని గుడారము చాటున ఆమె నవ్వినదనియు, అడిగినప్పుడు నవ్వలేదని బొంకినదనియు దాచలేదు. తన దాసియైన హాగరును శ్రమపెట్టినదనియు, తరువాత బిడ్డతో కూడ వెళ్లగొట్టించినదనియు దాచలేదు. అరణ్యములో ఆ దాసిని వెదకి వచ్చినవాడు శారా దేవుడే. ఇంత వ్రాసిన లేఖనమే హెబ్రీ పత్రిక పదునొకండవ అధ్యాయములో శారాను విశ్వాసుల వరుసలో నిలిపినది. తల్లిని సన్మానింపుమని ఆజ్ఞ. పొగడుమని గాదు. పొగడ్తకు సగము మనిషి చాలును. సన్మానమునకు మొత్తము మనిషి కావలెను. అవ్వ కోపమును, పక్షపాతమును, పట్టుదలను తీసివేసి మిగిలినదానిని తలంచుకొన్నయెడల, మనము తలంచుచున్నది అవ్వను గాదు, గోడమీది పటమును. పెద్దకోడలు నోరు తెరచి, "నన్ను చాల ఏడిపించింది, కాన్పులో మాత్రం నన్ను విడిచి పోలేదు" అని చెప్పగలిగిన ఇంటిలోనే ఆ ముసలితల్లి నిజముగా జ్ఞాపకమున్నదని మేమనుకొందుము.

సన్మానము బ్రదికియుండగా చేయవలసినదని వేరుగా చెప్పనక్కరలేదు. దేవునికి ఇచ్చితిమను పేరుతో తల్లిదండ్రుల పోషణ ఎగగొట్టినవారిని ప్రభువు మార్కు ఏడవ అధ్యాయములో ఎట్లు గద్దించెనో మీరెరుగుదురు. పింఛను దినమున అవ్వను బండిమీద తపాలా కార్యాలయమునకు తీసికొనిపోయి, తిరుగుదారిలో ఆ సొమ్మంతయు తన జేబులో వేసికొనునట్టి కుమారుడు ఆ అధ్యాయము చదువుట మంచిది. అబ్రాహాము మక్పేలా గుహను ఊరక ఇచ్చెదమన్నను పుచ్చుకొనక నాలుగువందల తులముల వెండి తూచి యిచ్చెను. వాగ్దాన దేశములో అతడు వెల యిచ్చి కొన్న మొదటి భూమి భార్య సమాధికే.

చివరి సంగతి ఇస్సాకును గూర్చినది. శారా తొంబది ఏండ్లప్పుడు అతడు పుట్టెను. కాబట్టి తల్లి పోయినప్పుడు అతనికి ముప్పదియేడు. రిబ్కాను పెండ్లాడునాటికి నలువది. ఆ పెండ్లి తరువాతనే అతడు తల్లి విషయమై దుఃఖనివారణ పొందెనని ఇరువదినాలుగవ అధ్యాయము చివర చదువుదుము. అనగా 127 ఏండ్లు బ్రదికిన తల్లి కొరకు ఎదిగిన కుమారుడు సుమారు మూడేండ్లు దుఃఖములో నుండెను. లేఖనము అతనిని తప్పుపట్టలేదు.

మన ఇండ్లనుండి మస్కటుకు, దుబాయికి పోయిన బాలురలో అనేకులను పెంచినది అవ్వలే. తల్లి పొలమునకు పోగా గట్క తినిపించినది, ప్రార్థన నేర్పినది వారే. వారు పోయినప్పుడు ఆ బాలునికి సెలవు దొరకదు. చనిపోయినది అవ్వయే గదా, తొంబది దాటినది గదా అందురు. సమాధిలో మట్టి వేయుట అతడు ఫోనులో చూచి, ఆ రాత్రియే పనికి పోవును. రెండేండ్లకు ఇంటికి వచ్చి, ఖాళీ మంచము చూచి అకస్మాత్తుగా ఏడ్చినయెడల చుట్టుపక్కలవారు వింతపడుదురు. "ఎప్పుడో పోయింది కదరా, ఇప్పుడేమిటి?" అని అడుగుదురు. రెండేండ్లే గదా అయినది. ఇస్సాకుకు మూడు పట్టెను. అతనిని సమాధియొద్దకు తీసికొనిపోయి, ఆ రోజు జరిగినదంతయు, ఎవరు ఏ పాట యెత్తుకొనిరో, అవ్వ చివర ఎవరిని అడిగెనో, అతనికి మొదటినుండి చెప్పుడి.