దానంతట అదే

సీసా మూత తీసి పోయగానే గ్లాసులోంచి మా తాత కుండ వాసన వచ్చింది. ఇటలీ వైన్ అది. చిక్కటి టీ డికాషన్‌లో తేనె కలిపినట్టు రంగు, అడుగున మడ్డి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొద్దెక్కాక ఈత కల్లులోంచి వచ్చే పుల్లటి ఘాటు. కలకత్తాలో, హిందుస్తాన్ పార్కులో, ఏసీ గదిలో కూర్చుని ఆ వాసన పీల్చుతానని అనుకోలేదు.

మా మేనకోడలు అక్కడ చిన్న రెస్టారెంటు నడుపుతోంది. పన్నెండు బల్లలు, గోడమీద ఎవరో ఆర్ట్ కాలేజీ కుర్రాడు వేసిన ట్రాము బొమ్మ. "మావయ్యా, ఇది పాడైందా, ఇలాగే ఉండాలా?" అని అడిగింది. ఆరు సీసాలు తీసుకోవాలా వద్దా అన్నది దాని బాధ. వైన్ మీద దిగుమతి సుంకం ఏళ్ల తరబడి 150 శాతం ఉన్న దేశంలో సీసా ఏడు వేల పైమాటే. నమూనా సీసా ఇచ్చి వెళ్లినతను ఒక్కటే మాట చెప్పాడట: "ఇది సహజం మేడమ్. ఇందులో మనిషి చెయ్యి లేదు. అంతా దానంతట అదే."

నేను గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. వైన్ సంగతి నాకేం తెలుసు? కల్లు సంగతి కొంచెం తెలుసు. తాత పలాస దగ్గర ఈత చెట్లు గీసేవాడు. నాన్న ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరాక మా ఇంట్లో మోకూ కత్తీ అటకెక్కాయి. సెలవులకు వెళ్లినప్పుడు చూసేవాణ్ణి. సాయంత్రం చెట్టెక్కి, వెడల్పాటి కత్తితో కాగితమంత పొర చెక్కి కుండ కట్టేవాడు. పొర మందమైతే చెట్టు నొచ్చుకుంటుందనేవాడు, పలచనైతే రసం కారదనేవాడు. తెల్లారకుండానే దించేవాడు. అప్పుడది తీపి. పది గంటలకు నురగ, మధ్యాహ్నానికి ఘాటు. మర్నాటికి పంది కూడా ముట్టదని ఆయనే నవ్వేవాడు.

ఆ చెట్టే ఇక్కడ ఖేజూర్. చలికాలంలో నదియా, దక్షిణ 24 పరగణాల పల్లెల్లో దాన్ని గీసేవాణ్ణి శియులి అంటారు. చెట్టుకు మూడు రోజులు విశ్రాంతినిచ్చి గీస్తే మొదటి రాత్రి కారేది జిరేన్ రసం, అన్నిటికంటే మేలురకం. కుండకు పొగ పెట్టి, లోపల సున్నం పూసి, పులియకుండా చూసుకుని, తెల్లవారుజామునే మరగబెడతాడు. అది నొలెన్ గుర్ అవుతుంది, సందేశ్ అవుతుంది, అమ్మవారి నైవేద్యమూ అవుతుంది. సున్నం పూయడం మరిచిపోతే ఆ కుండలోదే తాడి అవుతుంది, పోలీసు కేసూ అవుతుంది. రసం ఒకటే, రాత్రి ఒకటే. ఈ రెండిట్లో ఏది సహజం?

రైల్వేవాణ్ణి కాబట్టి నాకు ఇలా తోస్తుంది. దానంతట దాన్ని వదిలేస్తే ఏ రసానికైనా చివరి స్టేషను వెనిగరే. కల్లూ, వైనూ దారిలో వచ్చే హాల్టులు. అక్కడ బండి ఆపేది మనిషి. ప్రకృతికి ఆగాల్సిన పనేమీ లేదు. గబ్బిలాలు కుండలో మూతి పెట్టడమూ ప్రకృతే. బంగ్లాదేశ్‌లో నీపా వైరస్ పచ్చి ఖేజూర్ రసం దారిన మనుషులకు చేరుతోందని తేలింది. కుండ చుట్టూ వెదురు తడికె కట్టమని అక్కడ చెబుతున్నది అందుకే. వైన్‌లో కలిపే గంధకం సంగతీ అంతే. ఏమీ కలపకపోయినా పులిసేటప్పుడు ఈస్టే కొంత సల్ఫైటు పుట్టిస్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఆ సంగతి సీసా మీద రాయాలని యూరప్ నియమం.

గీత అయిదో అధ్యాయంలో తత్త్వం తెలిసినవాడు చూస్తూ, వింటూ, తింటూ కూడా నేనేమీ చేయడం లేదనుకుంటాడు. అది వాడు తనలో తాను అనుకునే మాట, బోర్డు మీద రాసి పెట్టుకునేది కాదు. మా సీసా పెద్దమనిషి ఆ అకర్తృత్వానికే ఏడు వేలు ధర కట్టాడు. నాకు కోపం వచ్చింది అక్కడ, పులుపు మీద కాదు.

కలకత్తాలో ఉండి మద్యమూ దైవమూ అనుకుంటే కాళి దగ్గరికి వెళ్లకుండా కుదరదు. ఇక్కడి శాక్తులు పూజలో వాడే మద్యాన్ని కారణం అంటారు. కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రాఫ్, ఆర్థర్ అవలాన్ పేరుతో 1913లో ఇంగ్లీషులో వేసిన మహానిర్వాణ తంత్రంలో బెల్లం, పిండి, తేనెలతో చేసిన మద్యాలతోపాటు తాటి, ఈత కల్లుల ప్రస్తావన కూడా ఉంది. తాత వింటే మీసం దువ్వుకునేవాడు. అయితే ఆ దారిలో ఏ మద్యమూ పుట్టుకతో శుద్ధం కాదు. శుద్ధి మంత్రాలు కావాలి, ముందు శుక్రుడి శాపం తొలగించాలి. కచుడి బూడిద కలిపిన మద్యం తాగేసి, తెలిశాక శుక్రాచార్యుడు సురను శపించిన కథ మనకు నన్నయ భారతం నుంచీ తెలిసిందే. ఏమీ చేయలేదు కాబట్టి శుద్ధం అని వైన్ వర్తకుడు అంటాడు. చేయాల్సింది చేస్తేనే శుద్ధం అని తాంత్రికుడు అంటాడు. నా ఓటు తాంత్రికుడికే. నేను చుక్క ముట్టి పన్నెండేళ్లయింది లెండి.

దక్షిణేశ్వరంలో రామకృష్ణుడు ఇంకా తేలిక చేశాడు. సురేంద్రనాథ్ మిత్ర అనే గృహస్థ భక్తుడికి తాగుడు అలవాటు. మానమని పట్టుబట్టలేదు. ముందు అమ్మకు నివేదించి పుచ్చుకో, తూలేదాకా పోకు అన్నాడు. రామకృష్ణుడు మాత్రం తంత్ర సాధన కాలంలో కూడా తాగలేదు, కారణం అన్న పేరు వింటేనే జగత్కారణం గుర్తొచ్చి ఒళ్లు తెలియకుండా పోయేవాడట. ఆ నివేదన షరతు గురించి ఆలోచించాను. గ్లాసు చేతిలోకి రావడానికీ నోటికి అందడానికీ మధ్య ఆయన ఒక హాల్టు పెట్టాడు. ఏ రసాయనం కలిపారు, ఏది కలపలేదు అని అడగలేదు.

ఇక సహజం అన్న మాట. తెలుగులో ఆ మాటకు పోతన ఉన్నాడు, సహజ పండితుడు. బెంగాల్లో దానికి వెయ్యేళ్ల మతమే ఉంది. హరప్రసాద్ శాస్త్రి 1907లో నేపాల్ దర్బారు గ్రంథాలయంలో ఆ మతపు సిద్ధుల పాటలు, చర్యాపదాల ప్రతి చూశాడు. 1916లో బంగీయ సాహిత్య పరిషత్ అచ్చువేసింది. అందులో మూడోది విరూపుడి పేరున ఉంది. సారా కాచి అమ్మే శుండిని గురించిన పాట. సారా కాచడం అక్కడ మనసును సహజంలో నిలపడానికి పోలిక. సహజం అంటే వాళ్లకు వదిలేసింది కాదు, నిలబెట్టింది. బట్టీ దగ్గర కూర్చుని కాపలా కాసే ఆడమనిషిని ఎంచుకోవడంలోనే ఉంది అంతా. ఆ విరూపుడే డబ్బివ్వకుండా తాగడానికి సూర్యుణ్ణి ఆపాడని కథ. ఆపడమంటే సిద్ధులకు అంత ఇష్టం.

ఇటలీ వాళ్లలోనూ కాపలాదారులు ఉన్నారని తర్వాత తెలిసింది. స్లొవేనియా సరిహద్దున ఓస్లావియాలో యోష్కో గ్రావ్‌నర్ అనే రైతు స్టీలు ట్యాంకులు, కొత్త ఓక్ పీపాలతో పేరు తెచ్చుకున్నాడు. ఆ దారి నచ్చక 2000లో జార్జియా వెళ్లి, అక్కడి మట్టి కాగులు తెప్పించి నేలలో పాతాడు. తెల్ల ద్రాక్షను తొక్కలతో సహా నెలల తరబడి అందులో ఉంచుతాడు. ఆ రంగు తొక్కలది. తర్వాత పీపాల్లో ఉంచి, ఏడేళ్లకు గాని అమ్మకానికి పెట్టడు. కాగు నేలలో పాతినవాడి ఏడేళ్లను పట్టుకుని మనిషి చెయ్యి లేదంటే ఎలా?

మా సీసా ఆయనది కాదు. ఎవరిదో చిన్న తోటది. రెండోసారి వాసన చూశాను. వెనిగర్ కాదు. హాల్టు దాటలేదు, ఆగాల్సినచోటే ఆగింది.

"కొను తల్లీ," అన్నాను. "కానీ కార్డు మీద సహజం అని మాత్రం రాయకు. ఏం చేశారో కనుక్కుని అది రాయి."

అది ఉత్తరం రాసింది, తోటవాళ్లు జవాబిచ్చారు. ఆరు సీసాలు వచ్చాయి. కార్డు మీద ఇప్పుడు ఇలా ఉంది: తెల్ల ద్రాక్ష, తొక్కలతో నాలుగు నెలలు, మడ్డి తీయలేదు, పులుపు ఉంటుంది. వారంలో రెండు పోయాయి.