రంగస్థల బాలురు – రసికధర్మము

రంగముమీద బాలుడొకడు నిలిచి, శ్రుతి తప్పక పద్యమెత్తుకొన్నప్పుడు సభయంతయు ఒక్కమారు కరగిపోవుట మనమందరము ఎఱిగినదే. ప్రహ్లాదుడుగానో, ధ్రువుడుగానో, కుశలవులలో నొకడుగానో ఆ పసివాడు కనబడినంతనే వృద్ధుల కన్నులు చెమర్చును. తల్లులు తమ బిడ్డలను మఱింత దగ్గరకు తీసికొందురు. ఆరితేరిన నటుడు గంటసేపు శ్రమించి సాధింపగల ప్రభావమును ఆ బాలుడు నోరు తెఱచిన మాత్రముననే సాధించును. అట్టి బాలుని పేరు ఊరంతయు మారుమ్రోగును. అతని పాటకై పదిక్రోసులు నడచి వచ్చువారును, పతకములు చేయించి తెచ్చువారును ఉందురు.

ఈ ప్రీతి దోషమా? కాదు. మాధుర్యమునకు మనస్సు లొంగుట సహజము. కాని ప్రతి ప్రీతికిని ఒక ధర్మము కలదు. అతిథిపై ప్రీతిగలవాడు అతని ఆకలి నెఱుగవలెను. గోవుపై ప్రీతిగలవాడు దూడకు పాలు మిగుల్చవలెను. మఱి బాలనటునిపై ప్రీతిగల ప్రేక్షకుని ధర్మమేమి? మన ఆనందము ఆ బిడ్డకు మేలగుచున్నదా, లేక ఆ బిడ్డయే మన ఆనందమునకు ఇంధనమగుచున్నాడా? ఈ ప్రశ్నను మనము తఱచుగా వేసికొనము. వేసికొనవలసిన ప్రశ్న ఇదియే.

ఇందుకు మన ఆదికావ్యముననే సమాధానము కలదు. శ్రీమద్రామాయణమును మొట్టమొదట గానము చేసినవారు బాలురే గదా! వాల్మీకి మహర్షి తన కావ్యమును కుశలవులకు నేర్పి, ముందుగా మునుల సభలో పాడించెను. విన్న మునులు కన్నీరు కార్చిరి, సాధువాదములు పలికిరి. అంతటితో ఊరకుండక బహుమానములిచ్చిరి. ఏమి యిచ్చిరి? బాలకాండము నాలుగవ సర్గను పరికింపుడు. ఒక ముని కలశమునిచ్చెను. మఱియొకరు వల్కలము నిచ్చిరి. కృష్ణాజినము, కమండలువు, మౌంజి, కట్టెలు కొట్టుకొనుటకు గొడ్డలి కూడ ఆ కానుకలలో నున్నవి. ఏమియు లేనివారు ఆయుర్దాయము గలుగునట్లు ఆశీర్వదించిరి.

ఆ గొడ్డలి విషయమున నాకెప్పుడును ఆశ్చర్యము కలుగుచుండును. అంతటి దివ్యగానమునకు గొడ్డలియా బహుమానము? ఆలోచించినచో అందలి ఔచిత్యము బోధపడును. ఆ బాలురు గాయకులే కాక బ్రహ్మచారులు. రేపు ఉదయమున సమిధలు తేవలసినవారు. మునులు వారి కంఠమునకు గాక వారి జీవితమునకు కానుక లిచ్చిరి. పాట ముగిసిన తరువాత కూడ ఆ బిడ్డలకు ఒక బ్రతుకున్నదని వారు మఱచిపోలేదు.

ఉత్తరకాండమున కథ మఱింత స్పష్టమగును. అశ్వమేధ సమయమున కుశలవులను పాడుటకు పంపుచు మహర్షి వారికి కొన్ని నియమములు విధించెను. దినమునకు 20 సర్గలు పాడవలెను. వెంట తెచ్చుకొన్న ఫలములను భుజింపవలెను. అట్లయిన అలసటయుండదు, రాగము చెడదు. ధనమందు ఏ కొంచెమును లోభపడరాదు. ఎవరి బిడ్డలని రాజడిగినచో వాల్మీకి శిష్యులమని మాత్రమే చెప్పవలెను. గురువు చేసిన ఏర్పాటు ఎంతటిదో చూడుడు! ఎంత పాడవలెనో మితి కలదు. ఏమి తినవలెనో విధి కలదు. పొగడ్త, పసిడి ఎదురైనప్పుడు ఎట్లు నిలువవలెనో ఉపదేశము కలదు. శ్రీరాముడు గానమునకు పరవశుడై 18,000 సువర్ణములు ఇప్పింపబోగా, వనమున కందమూలములతో జీవించు మాకు బంగారముతో ఏమి పనియని ఆ బాలురు స్వీకరింపరైరి. ఇచ్చుట రాజధర్మము, తీసికొనకుండుట శిష్యధర్మము. ఈ రెంటి నడుమ ఆ పసివారిని నిలబెట్టి కాపాడినది గురువు దూరదృష్టి.

ఆ సభలో శ్రీరాముడు శ్రోతగా ఎట్లుండెనో కూడ గమనింపదగును. గానమునకు భంగము కలుగకుండ ఆయన మెల్లమెల్లగా సింహాసనము దిగి సభికులలో కలిసి కూర్చుండెనని బాలకాండ వ్యాఖ్యాతలు కొందఱు వివరించిరి. తాను ప్రభువై యుండియు, పాడు బాలుర యెదుట తన గొప్పను చాటుకొనలేదు. మెచ్చుకొనువాడు ముందుగా తన్ను తాను తగ్గించుకొనవలెను. సభలో లేచి కేకవేసి, పతకము చేతబట్టి వేదికనెక్కి, అందఱు తన్ను చూచునట్లు బాలుని మెడలో వేయువాడు మెచ్చుకొనుచున్నది బాలుననా, తన్నుతాననా?

భరతముని ఈ సూక్ష్మమును శాస్త్రముగనే చెప్పియున్నాడు. నాట్యశాస్త్రము 27వ అధ్యాయమున ప్రదర్శన సిద్ధిని మానుషి, దైవికి అని రెండు విధములుగ విభజించెను. ప్రేక్షకులు చిఱునవ్వు నవ్వుట, పకపక నవ్వుట, సాధువాదములు పలుకుట, పులకించుట, లేచి నిలుచుట, వస్త్రములు, ఉంగరములు విసరుట — ఇవి మానుషసిద్ధి లక్షణములు. శబ్దములేక, క్షోభలేక, రంగము నిండుగానుండుట దైవసిద్ధి. చప్పట్లను భరతుడు త్రోసిపుచ్చలేదు; వానికి తగిన చోటిచ్చెను. కాని వానికంటె పైమెట్టు నిశ్శబ్దమని నిర్ణయించెను. వేయిమంది కూర్చున్న సభలో ఊపిరి వినబడునంతటి మౌనము కలిగినచో, అది ఏ పతకమునకును తీసిపోని బహుమానము.

మన పద్యనాటకములలో ఈ మెట్లు తారుమారైన సందర్భములు లేకపోలేదు. నా బాల్యమున మా ఊరికి వచ్చిన ఒక సమాజమువారు హరిశ్చంద్ర నాటకము ప్రదర్శించిరి. లోహితాస్యుడుగా పదేండ్ల బాలుడొకడు వేషము కట్టెను. దర్భలకై అడవికి పోయి పాముకాటు తిని, తల్లిని తలచుకొనుచు పద్యము పాడి నేలకొరగెను. వెంటనే ముందు వరుసలోనుండి "వన్స్‌మోర్" అని కేక వినవచ్చెను. చచ్చిన బిడ్డ లేచి, దుమ్ము దులుపుకొని, హార్మోనియము శ్రుతినందుకొని మఱల పాడి మఱల చచ్చెను. మఱల కేక, మఱల పద్యము. మూడవసారికి కంఠము బొంగురుపోయినది. సభలో నవ్వులు పుట్టినవి. అప్పటికి రాత్రి రెండు గంటలు దాటినది. ఆడువారి వైపునుండి ఒక ముసలమ్మ, "చాల్లే నాయనా, ఆ పిల్లవాణ్ణి పడుకోనివ్వండి" అని గట్టిగా అన్నది. అటుపై ఎవరును కేక వేయలేదు.

ఆ సభలో నిజమైన సహృదయురాలు ఆ ముసలమ్మయే. కేక వేసినవారికి కావలసినది కంఠనాదము. ఆ నాదము కొఱకు వారు కథను చంపిరి, కరుణరసమును చంపిరి, తెరవెనుక చంద్రమతి వేషముతో వేచియున్న నటి దుఃఖభావమును చెఱచిరి. అన్నిటికంటె మిన్నగా, నిద్రవేళ దాటిన బిడ్డను బిడ్డగా చూడలేకపోయిరి. స్వసుఖమునందు మునిగియుండుట రసాస్వాదమునకు విఘ్నమని అభినవగుప్తపాదులు చెప్పిరి. అది రసమునకే కాదు, దయకు కూడ విఘ్నమని ఆ రాత్రి స్పష్టమైనది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. "ప్రోత్సాహము లేనిదే విద్య వృద్ధిపొందునా? చప్పట్లు కొట్టకున్న బాలుడు చిన్నబుచ్చుకొనడా?" అని. యుక్తమైన ప్రశ్నయే. ప్రోత్సాహము ఉండవలసినదే. అయితే దేనిని ప్రోత్సహింపవలెను? బాలుని కంఠము అతడు సంపాదించినది కాదు, దైవమిచ్చినది. దానిని శ్రుతిలో నిలుపుట, పదమును అర్థము తెలిసి విఱుచుట, తోడి పాత్ర పలుకుచుండగా ఓపికతో వినుట — ఇవి అతడు సాధించినవి. కంఠమును పొగడినచో అహంకారము పెరుగును. సాధనను పొగడినచో సాధన పెరుగును. కంఠమునకు గడువు కలదు, సాధనకు లేదు.

ఈ గడువు మాట విస్మరింపరానిది. మగబిడ్డలకు సుమారు 12 మొదలు 15 ఏండ్ల నడుమ కంఠము మాఱును. నిన్నటి వఱకు పైషడ్జమున నిలిచిన గొంతు నేడు పగులును. అది రోగము కాదు, ప్రకృతి. కాని అంతవఱకు "ప్రహ్లాదుడు వచ్చినాడు" అని ఎదురేగిన జనులు ఆనాటినుండి మఱియొక ప్రహ్లాదుని వెదకుకొందురు. అన్ని ఊళ్ల ప్రేమ ఒక్కయేడు తిరుగకమునుపే చల్లారిపోగా, ఆ బాలుడు తాను చేసిన తప్పేమో తెలియక తల్లడిల్లును. పెద్దవారికే దుస్సహమైన ఈ అనాదరణమును పదునాలుగేండ్లవాడు ఎట్లు భరింపగలడు? మనము ప్రేమించినది వానినే యైనచో, వాని గొంతు మాఱినంతనే ప్రేమ ఏల మాఱవలెను?

ఈ ఆపదను ఎఱిగి ఏర్పాటులు చేసికొన్న సంప్రదాయములు మన దేశమున కలవు. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు "కీచకవధ"తో నెలకొల్పిన నాటకకుటుంబమును చూడుడు. అందు తల్లి చంకలోని బిడ్డయే రంగమెక్కును. బాలకృష్ణుడై, లవుడై, ప్రహ్లాదుడై పెరుగును. గొంతు మాఱినచో వాడు వెలివేయబడడు. హార్మోనియము ముందో, తబల ముందో కూర్చుండును, తెరలు లాగును, తీగెలు బిగించును, మీసము వచ్చిన పిదప హిరణ్యకశిపుడగును. నిన్నటి ప్రహ్లాదుడు నేటి ప్రహ్లాదునికి తండ్రిగా ఎదుట నిలుచును. ఊరూర తిరుగు జీవనమున చదువు కుంటుపడుట వంటి కష్టములు ఆ కుటుంబములకు తప్పలేదు. అయినను, పాట ఆగినచోట బ్రతుకు ఆగకుండ చూచుకొన్న ఆ పద్ధతి మిగుల గౌరవింపదగినది.

ఉత్తరదేశమున కాశీకి ఆవలియొడ్డుననున్న రామనగరములో మఱియొక విధమైన ఏర్పాటు కలదు. అచట ఏటేట సుమారు నెలదినములు రామలీల జరుగును. రామలీలా సంప్రదాయమును 2008లో యునెస్కోవారు తమ వారసత్వ పట్టికలో చేర్చిరి. రామనగరమున సీతారాములుగా, రామానుజులుగా గొంతు మాఱని బాలురనే ఎన్నుకొందురు. వారిని స్వరూపులందురు. కిరీటము ధరించినంతసేపు వారు దేవతలే. వారిని భుజములపై మోయుదురు. ప్రతిరాత్రి హారతి యిత్తురు. చివరకు కాశీరాజు స్వయముగా వారి పాదములు కడిగి భోజనము పెట్టును. లీల ముగిసిన పిదప కిరీటము దిగును. బాలుడు మఱల బాలుడగును. ఆ మ్రొక్కులు కిరీటమునకే గాని తనకు కావని బాలునికి తెలియును, భక్తులకును తెలియును. పూజకు ఆరంభమున్నట్లే ఉద్వాసనయు నుండుట ఆ బాలునికి రక్షయే.

మన నాటి సభలలో, పోటీలలో ఈ ఉద్వాసన లోపించినది. కిరీటము దిగిన తరువాత కూడ మనము బిడ్డను దింపము. ఇంటికి వచ్చిన చుట్టములెదుట పాడుమందుము, బజారున ఎదురుపడినచో పాడుమందుము, జ్వరముతోనున్నను ఒక్క చరణము పాడుమందుము. ప్రభుత్వము తన వంతు కొంత చేసినది. 2016లో సవరింపబడిన బాలకార్మిక నిషేధ చట్టమును అనుసరించి 2017లో చేసిన నియమముల ప్రకారము, వినోదరంగమున పనిచేయు బాలురచేత దినమునకు 5 గంటలకు మించి పని చేయింపరాదు. విరామములేక 3 గంటలు దాటరాదు. వచ్చిన ఆదాయమున కనీసము నూటికి 20 వంతులు బిడ్డ పేర బ్యాంకులో నిలువ చేయవలెను. ఆనాడు మహర్షి 20 సర్గలకు మితి విధించిన దయయే నేడు చట్టరూపమున వచ్చినదనుకొందము. కాని చట్టము పనిగంటలను లెక్కింపగలదు, పొగడ్తలను లెక్కింపలేదు. ఆ మితిని మనమే పాటింపవలెను.

ఆచరణలో ఇది కష్టసాధ్యమేమియు కాదు. బాలుడు పాడుచుండగా కథను విందము. పద్యము ముగిసిన పిదప అంకము ముగియువఱకు చప్పట్లను దాచుకొందము. తెర దిగిన తరువాత బిడ్డను పలుకరింపవలెనన్న, "ఎంత బాగుగ పాడితివి" అనుటతోపాటు "అన్నము తింటివా? ఏ తరగతి చదువుచున్నావు? ఈ పద్యము నీకు నేర్పినదెవరు?" అని అడుగుదము. కానుక ఇవ్వదలచినచో మునుల గొడ్డలిని స్మరించి, పుస్తకమో, బడిజీతమో, చలికి దుప్పటియో ఇత్తము. గొంతు మాఱిన బాలుడు ఎదురైనచో, పాత పద్యము నడుగక, పాత ఆదరముతోనే పేరుపెట్టి పిలుతము. ఈ చివరి పని అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె అరుదైనది.

కఠోపనిషత్తున నచికేతుడను బాలుని యెదుట యముడు రథములను, వాద్యములను, అప్సరసలను ఉంచి చూచెను. ఆ బాలుడు ప్రేయస్సును విడిచి శ్రేయస్సును కోరెను. అందఱు బిడ్డలును నచికేతులు కాలేరు. పొగడ్తల నడుమ నిలిచిన పసివానికి ప్రేయమేదో శ్రేయమేదో తానుగా తెలియదు. ఆ వివేకము వానికి వచ్చునందాక, వానికి బదులుగా మనమే విచారింపవలెను. రసికుడనిపించుకొనుటకు చెవి చాలును. సహృదయుడనిపించుకొనుటకు హృదయము కావలెను.

బాలుర గానమును విని సింహాసనము దిగిన శ్రీరామచంద్రమూర్తి, మన ఊళ్ల రంగములపై పాడు ప్రతి బిడ్డకును ఆయురారోగ్యములను, పాట ఆగిన తరువాత కూడ నిలుచు మంచి బ్రతుకును ప్రసాదించుగాక! వినెడి మనకు మౌనముగా మెచ్చుకొనగల సంస్కారమును అనుగ్రహించుగాక!